దేవుడి ముద్ర, ఊరి నింద

అనంతపురం పీఠభూమికి పడమటి అంచున, బళ్లారి వైపు ఉన్న రాయదుర్గం, కళ్యాణదుర్గం ప్రాంతపు పల్లెల్లో, మగబిడ్డ లేని ఇంట ఒక కూతురిని దేవుడి పేరిట బసివిగా విడిచే ఆచారం తరతరాలు సాగింది. బసివికి పెళ్లి ఉండేది కాదు. పుట్టింట్లోనే ఉండేది. తల్లిదండ్రులకు కొడుకు చేయవలసినవన్నీ ఆమే చేసేది. వాళ్లు పోతే తలకొరివి పెట్టేది, వాళ్ల ఆస్తికి వారసురాలయ్యేది. ఆమెకు పుట్టిన బిడ్డలు ఆమె తండ్రి ఇంటిపేరుతోనే పెరిగేవారు. బోయల్లో, మాదిగల్లో, మరికొన్ని శ్రమజీవుల కులాల్లో ఈ ఆచారం బలంగా ఉండేది. హనుమంతుడు, బసవన్న, ఎల్లమ్మ, తుంగభద్ర ఒడ్డున హులిగిలో వెలసిన హులిగమ్మ, ఇలా ఏ దేవత మీద మొక్కుంటే ఆ దేవత పేరిట పిల్లను విడిచేవారు.

ఈ ప్రాంతం పాలన పరంగా చాలాకాలం బళ్లారితో కలిసి ఉండేది. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లాను విడదీశారు. రాయదుర్గం తాలూకా మాత్రం 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారిలోనే ఉండిపోయింది. అందువల్ల బసివిల గురించిన పాత రాతలు ఎక్కువగా బళ్లారి పేరిట దొరుకుతాయి. మద్రాసు పోలీసు శాఖ అధికారి ఎఫ్. ఫాసెట్ 1890ల ఆరంభంలో బొంబాయి మానవశాస్త్ర సంఘం పత్రికలో బసివిల మీద ఒక వ్యాసం రాశాడు. దేవుడికి అంకితమై పురుషుల హక్కులు పొందే స్త్రీలు అని వ్యాసం పేరులోనే వాళ్లను పరిచయం చేశాడు. తర్వాత డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన 1904 నాటి బళ్లారి గెజిటీర్‌లోనూ, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలోనూ ఈ విషయం విస్తారంగా వచ్చింది.

ఫ్రాన్సిస్ ఇచ్చిన వివరణ ఈనాటి పాఠకుణ్ణి ఆశ్చర్యపరుస్తుంది. బసివి పిల్లలను ఊరు సక్రమ సంతానంగానే చూసేదని, తల్లినీ పిల్లలనూ ఎవరూ తక్కువ చేసేవారు కారని అతడు రాశాడు. ఆమెకు వైధవ్యం లేదు గనుక పెళ్లిళ్లలో ఆమె రాకను శుభంగా ఎంచేవారు. గుళ్లో ఆమె చేయవలసిన సేవ పేరుకే ఉండేది. నట్టువమేళాలతో, సానివాడలతో ఆమెకు సంబంధం లేదు. మిగతా ఆడవాళ్లతోపాటు కూలికి పోయేది, చూపులకు వాళ్లకూ ఆమెకూ తేడా తెలిసేది కాదు. తన కులంలోనో అంతకంటే పై కులంలోనో తాను కోరుకున్న మగవాడితో కలిసి ఉండేది. చాలామంది ఒక్కడితోనే నమ్మకంగా కాలం గడిపేవారు. అతడు వారానికి ఇంత అని ఆమె పోషణకు ఇచ్చేవాడు, ఏడాదికి కట్టుబట్టలు పెట్టేవాడు. కొన్ని ఊళ్లలో ఏటా తేరు నాడు పాత తోడును విడిచి కొత్త తోడును ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండేది. ఆ పండుగ దగ్గర పడితే కొత్త చీర, రవిక కావాలని ఆమె అడిగేది. అవి కొనే స్తోమత లేని మగవాళ్లు చిన్నచిన్న దొంగతనాలకు దిగుతారని పోలీసులు చెప్పుకొనేవారట.

బసివికి కొడుకు పుడితే ఆస్తి అతనికి చేరేది. కూతురే పుడితే ఆ కూతురూ బసివి అయ్యేది. మగబిడ్డ లేకపోవడమే కాకుండా బిడ్డకు జబ్బు చేసినా, ఇంటికి ఏదైనా ఆపద వచ్చినా మొక్కుకొని పిల్లను విడవడం ఉండేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే మెట్టనేల ఇది. 1876-78 నాటి ధాత కరువులో దత్త మండలాల పల్లెలు శవాల దిబ్బలయ్యాయి. ఇటువంటి చోట నాలుగెకరాల చెలక అయినా ఇంటిపేరుతోనే నిలవాలని, ముసలితనంలో సంగటి ముద్ద పెట్టే చెయ్యి ఇంట్లోనే ఉండాలని కన్నవాళ్లు కోరుకోవడం అర్థమవుతుంది. దత్తతకు బంధువుల ఒప్పుదల కావాలి, ఖర్చూ ఉంటుంది, పైగా దత్తుడు ఎంతైనా పరాయి కడుపున పుట్టినవాడు. కూతురిని కొడుకుగా మార్చుకునే దారి అంతకంటే దగ్గరిది. ఈ ఆచారానికి కామం పునాది అనుకున్నవాళ్లు పొరబడ్డారు. దాని పునాది భూమి, వారసత్వం.

ఆ మార్పు జరిగే తంతు పెళ్లి తంతులాగే ఉండేది. కొత్త చీర కట్టి, గాజులు తొడిగి, పిల్లను గుడికి తీసుకుపోయేవారు. నమోదైన ఒక పద్ధతిలో వరుడి స్థానంలో కత్తిని నిలబెట్టేవారు, దాని మొనకు నిమ్మకాయ గుచ్చేవారు. నల్లపూసల తాళి కట్టించేవారు. వైష్ణవ సంప్రదాయపు గుళ్లలో శంఖచక్రాల లోహముద్రలను కాల్చి పిల్ల భుజాల మీద, కొన్నిచోట్ల రొమ్ము మీద వేసేవారు. ఆ పిల్ల వయసు పదేళ్లకు అటూ ఇటూ ఉండవచ్చు. ఆమెను అడిగి చేసేది ఏదీ ఆ తంతులో లేదు.

సరిగ్గా రొమ్ము మీద ముద్ర అన్నచోటనే, రాయలసీమకు వేల మైళ్ల దూరంలో పుట్టిన ఒక నవల గుర్తుకు రాక మానదు. అమెరికా రచయిత నథానియేల్ హాథార్న్ 1850 మార్చిలో ప్రచురించిన ‘ది స్కార్లెట్ లెటర్’ కథ 1640ల నాటి బోస్టన్‌లో జరుగుతుంది. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ప్యూరిటన్లు అక్కడ మతాన్నీ చట్టాన్నీ ఒకటిగా చేసి పాలిస్తుంటారు. హెస్టర్ ప్రిన్ అనే యువతి భర్త దూరదేశంలో ఉండగా బిడ్డను కంటుంది. వ్యభిచారాన్ని తెలిపే ఇంగ్లీషు పదంలోని మొదటి అక్షరం ‘ఏ’ను ఎర్రగుడ్డతో చేసి రొమ్ము మీద జీవితాంతం ధరించాలని, పసిబిడ్డతో బజారు మధ్య దండన వేదిక మీద మూడు గంటలు నిలబడాలని న్యాయాధికారులు శిక్ష వేస్తారు. బిడ్డ తండ్రి పేరు చెప్పమని ఎంత ఒత్తిడి చేసినా ఆమె చెప్పదు. ఆ తండ్రి ఊరంతా పుణ్యపురుషుడని కొలిచే మతబోధకుడు డిమ్స్‌డేల్. పేరు చెప్పమని ఆమెను ఆ వేదిక మీద బతిమాలినవాళ్లలో అతడూ ఒకడు.

హాథార్న్ ఈ శిక్షను గాలిలోంచి పుట్టించలేదు. మసాచుసెట్స్ వలసలో వ్యభిచారానికి మరణశిక్ష ఉండేది, 1644లో బోస్టన్‌లో మేరీ లేథమ్ అనే యువతినీ ఆమెతో సంబంధం ఉన్న జేమ్స్ బ్రిటన్‌నూ ఉరితీశారు. పక్కనున్న ప్లిమత్ వలస 1658లో చేసిన చట్టం దోషుల పైబట్టల మీద రెండు పెద్ద అక్షరాలు కుట్టించాలని చెప్పింది. హాథార్న్ సొంత పూర్వీకుల్లో జాన్ హాథార్న్ 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణల్లో న్యాయాధికారి. అతడి తండ్రి విలియం కూడా కఠినమైన ప్యూరిటన్ అధికారే. తన వంశం చేతులకు అంటిన ఆ మచ్చ హాథార్న్‌ను జీవితమంతా వెంటాడింది. నవలలో హెస్టర్ పక్షాన అతడు నిలబడిన తీరుకు ఆ బాధ ఒక ముఖ్య కారణం.

హెస్టర్ విముక్తి ఎలా జరిగిందో చూడాలి. ఊరి చివర, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఇంట్లో కూతురు పెర్ల్‌తో ఉంటుంది. సూదిపనితో బతుకుతుంది. అధికారుల దుస్తులకు, పసిపిల్లల బట్టలకు, చనిపోయినవాళ్ల మీద కప్పే గుడ్డలకు కూడా ఆమె కుట్టుపనే కావాలి. పెళ్లికూతురి ముసుగును మాత్రం ఆమె చేత కుట్టించరు. అంటువ్యాధులు వచ్చినప్పుడు రోగుల దగ్గర కూర్చుంటుంది. క్రమంగా జనం ఆమె రొమ్ము మీది అక్షరానికి కొత్త అర్థం చెప్పుకుంటారు. అది సమర్థతకు గుర్తు అంటారు. ఏడేళ్ల తరవాత డిమ్స్‌డేల్ అదే వేదిక మీద నిజం ఒప్పుకొని ప్రాణం విడుస్తాడు. హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్ చనిపోతూ తన ఆస్తిని పెర్ల్‌కు రాసిపోతాడు. విమర్శకులు ఈ చివరి సంగతిని తేలికగా దాటిపోతుంటారు. నిజానికి ఆ పిల్ల జీవితాన్ని మలుపు తిప్పింది ఎవరి పశ్చాత్తాపమూ కాదు, ఆ వీలునామా. ఆస్తి చేతికి రాగానే ఊరి దృష్టిలో ఆమె విలువ మారిపోయిందని హాథార్న్ స్పష్టంగానే రాశాడు. హెస్టర్ మాత్రం కొన్నేళ్లకు తనంతట తాను బోస్టన్‌కు తిరిగివచ్చి, ఎవరూ బలవంతపెట్టకుండానే ఆ అక్షరాన్ని మళ్లీ ధరించి, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు సలహాలు చెబుతూ బతుకు ముగిస్తుంది.

బోస్టన్‌లో నింద ముందు వచ్చింది, గౌరవం తరవాత వచ్చింది. రాయదుర్గం పల్లెల్లో జరిగింది దీనికి తలకిందులు. బసివి ఒంటి మీద ముద్ర మొదట గౌరవానికి గుర్తు. వందేళ్లు గడిచేసరికి అదే ముద్ర నిందగా మారింది. ఈ మార్పును బసివి చేసిన ఏ తప్పూ తీసుకురాలేదు. ఆమె చుట్టూ ఉన్న చట్టం, మర్యాద, ఆర్థికం మారాయి.

1860 నాటి భారత శిక్షాస్మృతి 372, 373 సెక్షన్లు మైనరు పిల్లలను వ్యభిచారం కోసం అప్పగించడాన్ని, తీసుకోవడాన్ని నేరంగా ప్రకటించాయి. దేవుడికి పిల్లలను అంకితం చేసినవారి మీద ఈ సెక్షన్ల కింద కేసులు వచ్చాయి. అప్పుడు కోర్టు ముందు నిలిచిన ప్రశ్న ఆ స్త్రీ బతుకును వ్యభిచారం అనవచ్చా అన్నది. ఒకే మగవాడితో ఉంటూ, కూలి చేసుకుంటూ, తండ్రి ఆస్తికి వారసురాలైన ఆడదాన్ని ఏ గదిలో పెట్టాలో ఆ చట్టానికి తెలియలేదు. దానికి తెలిసినవి రెండే గదులు, భార్య, వేశ్య. బసివి రెండింటిలోనూ ఇమడలేదు, కాబట్టి ఆమెను రెండో గదిలోకి నెట్టడం సులువైంది.

అదే సమయంలో మద్రాసు, రాజమండ్రి వంటి పట్టణాల్లో భోగంమేళాల మీద సంస్కర్తల ఉద్యమం ఊపందుకుంది. కందుకూరి వీరేశలింగం ఆ పక్షానికి తెలుగునాట గట్టి గొంతు. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ వేశ్య అయిన మధురవాణికి ఇచ్చిన బుద్ధి, ఔదార్యం ఆ వాదన మధ్యలో వినిపించిన వేరే స్వరం. తరవాతి తరంలో చలం 1927లో ‘మైదానం’ రాసి భర్తను విడిచిపోయిన రాజేశ్వరి చేత తన కథను తానే చెప్పించాడు. అయితే ఈ చర్చ అంతా కోస్తా పట్టణాలది, సానివాడలది, అగ్రహారపు వితంతువులది. బుడ్డల చేలో కలుపు తీసే బసివి ఆ పుటల్లోకి రాలేదు. సంస్కరణ మాత్రం ఆమె దాకా వచ్చింది, ఆమెను భోగంవాళ్లతో కలిపి ఒకే పేరు కింద చేర్చి.

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో సాగించిన కృషి ఫలితంగా 1929లో దేవాదాయ చట్టాన్ని సవరించారు. గుడిసేవకు బదులుగా దేవదాసీలు అనుభవిస్తున్న ఇనాం భూములను, ఆ సేవ నుంచి విడదీసి వాళ్ల పరం చేయడం ఆ సవరణ ఉద్దేశం. మంచి ఉద్దేశం. కానీ గుళ్లో పేరుకే సేవ ఉన్న, మాన్యం ఏదీ లేని బసివికి దానివల్ల ఒరిగింది లేదు. 1947లో మద్రాసు దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లను దేవుడికి అంకితం చేసే తంతు చెల్లదని, అంతకుముందు అంకితమైన స్త్రీ ఎవరినైనా పెళ్లాడితే ఆ పెళ్లి చెల్లుతుందని అది చెప్పింది. అంతవరకు న్యాయమే. తంతు జరిపినవారికి ఆరు నెలల వరకు సాధారణ ఖైదు, 500 రూపాయల వరకు జరిమానా విధిస్తూ, పదహారేళ్లు నిండి ఉంటే ఎవరి మీద ఆ తంతు జరిగిందో ఆ స్త్రీ కూడా నేరస్థురాలేనని వివరణ చేర్చింది. ముద్ర వేయించుకున్న పిల్లను, వేయించిన పెద్దలతో సమానంగా బోనులో నిలబెట్టడానికి ఏ సమర్థనా లేదు. బోస్టన్ న్యాయాధికారులు చేసిందీ దాదాపు అదే.

ఇంతమాత్రాన పాత బసివి బతుకును స్వర్గంగా చిత్రించడం కూడా తప్పే. గెజిటీర్ రాసిన అధికారులు పెద్దమనుషుల మాట విన్నారు, బసివి మాట ఎంత విన్నారో ఆ పుటల్లో కనిపించదు. తోడును ఎంచుకునే హక్కు ఉందన్నారు. కానీ మడిచెక్క కూడా లేని మాదిగ ఇంటి పిల్ల దగ్గరికి భూస్వామి వస్తే, కాదనే బలం ఆమెకు ఎక్కడిది? తన కులమో పై కులమో అన్న నియమం ఆచరణలో పై కులాల మగవాళ్లకు దారి తెరిచింది. వాళ్లు ఏ బాధ్యతా లేకుండా వచ్చిపోయేవారు. బిడ్డలు తల్లి ఇంటిపేరుతో పెరగడంలో ఉన్న గౌరవం, తండ్రి పేరు దాచుకోవడానికి ఒక తెరగా కూడా పనికొచ్చింది. హెస్టర్ పట్టుబట్టి డిమ్స్‌డేల్ పేరు దాచింది. బసివికి దాచే అవసరమే లేకుండా ఆచారమే ఆ పని చేసిపెట్టింది. ఊరికి ఆ పేరు తెలుసు, ఏ దస్తరంలోనూ అది ఎక్కదు.

ఇంటికి కొంచెమైనా నేల ఉన్నంతకాలం బసివికి కొడుకు స్థానం నిజమైన స్థానమే. నేల చేజారిన ఇళ్లలో ఆ స్థానానికి అర్థం లేకుండా పోయింది. వరుస కరువుల్లో, అప్పుల్లో, మెట్టసేద్యం గిట్టుబాటు కాని రోజుల్లో, వారసత్వంగా ఇవ్వడానికి ఏమీ లేని తల్లిదండ్రులు కూడా మొక్కు పేరిట పిల్లలను విడిచారు. అప్పుడు మిగిలింది తాళి, ముద్ర, ఊరి మగవాళ్ల చూపు. బడి వచ్చాక ఇంకో బాధ మొదలైంది. ప్రవేశ పత్రంలో తండ్రి పేరు రాయవలసి వచ్చేది. తాత పేరుతో గర్వంగా పెరిగిన పిల్లవాడు ఆ ఖాళీ గడి ముందు మొదటిసారి సిగ్గుపడ్డాడు. ఊరు ఏనాడూ అక్రమ సంతానం అనని బిడ్డను ఆ గడి అలా పిలిచింది.

1980లలో నిజామాబాద్ జిల్లాలో, బసివిల్లాగే దేవుడి పేరిట విడిచిన జోగినుల మధ్య హేమలతా లవణం చేసిన పని తెలుగునాట ఈ సమస్యను మళ్లీ ముందుకు తెచ్చింది. మహాకవి జాషువా కుమార్తె అయిన ఆమె జోగినుల పిల్లల చదువు మీద, ఆ స్త్రీల పునరావాసం మీద శ్రద్ధ పెట్టారు. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. అది బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ, తాయమ్మ అన్న పేర్లన్నిటినీ విడివిడిగా పేర్కొంది, కన్నవాళ్లు, దగ్గరి బంధువులు ఈ పని చేయిస్తే ఇతరుల కంటే ఎక్కువ శిక్ష పెట్టింది. సీమ ఆచారం సొంత పేరుతో చట్టంలోకి ఎక్కింది. తంతులు బహిరంగంగా జరగడం తగ్గింది.

బసివి కథను నిజంగా మలుపు తిప్పగల చట్టం ఆ నిషేధ చట్టానికి రెండేళ్ల ముందు వచ్చింది. దాన్ని ఈ సమస్యతో కలిపి చూసినవారు తక్కువ. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చినా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, కూతురిని కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తికి హక్కుదారును చేసింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు, అప్పటికే పంచుకున్న ఆస్తులకు అది వర్తించలేదు. కూతురు కొడుకు కావాలంటే దేవుడిని పెళ్లాడవలసిన అవసరం ఆ రోజుతో చట్టం దృష్టిలో తీరిపోయింది. దేవుడు కట్టిన తాళికి చట్టంలో విలువ లేదు కాబట్టి, అప్పటికే బసివిగా ఉన్న స్త్రీ కూడా కాగితం మీద పెళ్లికాని కూతురే. ఆ సవరణ ఆమెకూ వర్తిస్తుంది.

హక్కు రాతలో ఉండటం వేరు, పట్టాదారు పుస్తకంలో పేరు ఎక్కడం వేరు. అన్నదమ్ముల కొడుకులు, దాయాదులు ఉన్నచోట, ఆచారం బలంతో నిలిచిన బసివి వాటాను ఆచారం నేరమైన తరవాత కాదనడం వాళ్లకు తేలికైంది. చట్టం ఇచ్చిన కొత్త హక్కు గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిషేధం గురించి చెప్పడానికి పోలీసులు, అధికారులు పల్లెకు వచ్చారు. వారసత్వం గురించి చెప్పడానికి అంతే పట్టుదలతో ఎవరైనా వచ్చి ఉంటే ఆ స్త్రీల ముసలితనం మరోలా ఉండేది.

చట్టంలాగే సాహిత్యం కూడా సీమ పల్లెల వైపు ఆలస్యంగా చూసింది. 18వ శతాబ్దపు అనంతపురం సీమను, హండే పాలకుల కాలాన్ని వస్తువుగా తీసుకున్న బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంతదాకా పెద్ద వేదికల మీద వినిపించని పల్లె కులాల బతుకులు దానితో తెలుగు పాఠకలోకానికి విస్తృతంగా చేరాయి. హాథార్న్ తన ఊరి పాపాన్ని రెండు వందల ఏళ్ల తరవాత రాశాడు. సీమ రచయితలూ దాదాపు అంత దూరం నుంచే వెనక్కి తిరిగి చూడవలసి వచ్చింది.

ఇక వారసత్వ హక్కు విషయానికొస్తే, 2005లో కేంద్రం వారసత్వ చట్టాన్ని దేశమంతటికీ సవరించి, పెళ్లయిన కూతురు, కాని కూతురు అన్న తేడాను తీసివేసింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, ఆ సవరణ అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. దీంతో బసివికి ఆచారం ఒకనాడు ఇచ్చిన వాటా, ముద్రతోనూ తంతుతోనూ పనిలేకుండా, ప్రతి కూతురికీ చెందింది.